జీతం, ఉద్దెర, వాయిదా: నల్లకుంట – తార్నాక కుటుంబాలు అప్పు తీర్చుకున్న తీరు

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణాన్ని ఆనుకొని ఒకవైపు నల్లకుంట, విద్యానగర్, అడిక్‌మెట్‌లు, మరొకవైపు తార్నాక, లాలాగూడలు విస్తరించి ఉన్నాయి. విశ్వవిద్యాలయ గుమాస్తాలు, ఉపాధ్యాయులు, రైల్వే కార్మికులు, బస్సు సంస్థ ఉద్యోగులు, ప్రభుత్వ కార్యాలయాల సిబ్బంది స్థిరపడటంతో ఇరవయ్యవ శతాబ్దంలో ఈ పేటలు నెలజీతం మీద బతికే కుటుంబాల నివాసాలుగా పెరిగాయి. ఈ కుటుంబాల చరిత్రను వారి ఉద్యోగాల ద్వారానో ఉద్యమాల ద్వారానో చెప్పడం వాడుక. అయితే అప్పు తీర్చడానికి ఇంటిల్లిపాదీ ఖర్చు తగ్గించుకున్న తీరును పరిశీలిస్తే, ఆ వాడుక చరిత్రలో కనిపించని కొన్ని సంగతులు బయటపడతాయి. పొదుపు ఈ ఇళ్ళకు ఏనాడూ కొత్త కాదు. కానీ వంటింట్లో మిగిల్చిన రూపాయి అప్పు అసలును తగ్గించిందా, లేక వడ్డీలోనే కరిగిపోయిందా అన్నది ఇంటివారి నిగ్రహం కంటే ఎక్కువగా అప్పిచ్చినవారెవరు, వడ్డీ ఎంత, వసూలు పద్ధతి ఏది అన్నవాటి మీద ఆధారపడింది.

దీనికి పూర్వరంగం నిజాం రాజ్యపు ఖజానాలోనే ఉంది. పంతొమ్మిదవ శతాబ్ది తొలి దశకాల్లో పామర్ కంపెనీ అనే వర్తక సంస్థ దగ్గర అధిక వడ్డీకి రుణాలు తెచ్చిన రాజ్యం, ఆ తరువాత బ్రిటిషు అధికారుల కింద నడిచిన కంటింజెంటు దళపు ఖర్చుల బకాయిలను కూడా చెల్లించలేక, 1853 మే 21 నాటి ఒప్పందంతో బేరారు జిల్లాలను ఈస్టిండియా కంపెనీ పాలనకు అప్పగించవలసి వచ్చింది. ఆ నెలాఖరులోనే దివాను పదవి చేపట్టిన మొదటి సాలార్‌జంగ్ చేసిన పని ఒక పెద్ద సంసారాన్ని చక్కదిద్దడానికి సాటి వస్తుంది: ఖర్చులు కుదించడం, అప్పు కింద సాహుకారుల చేతుల్లోకీ అరబ్బు జమేదారుల చేతుల్లోకీ పోయిన తాలూకాలను విడిపించడం, పన్ను వసూలును గుత్తేదారుల నుంచి తప్పించి జీతగాళ్ళైన అధికారులకు అప్పగించడం ఆయన పాలనలో ముఖ్యమైన మార్పులు. సుమారు 50 లక్షల రూపాయల బకాయిని 1860లో బ్రిటిషు ప్రభుత్వం రద్దు చేసి, రాయచూరు దోఆబ్, ధారాశివ ప్రాంతాలను తిరిగి ఇచ్చింది. సామాన్య కుటుంబాల దృష్టితో చూస్తే ఈ సంస్కరణల్లో అన్నిటికంటే విలువైనది జీతం ఒక నియమిత తేదీకి అందే పద్ధతి బలపడటం. జీతం నెలల తరబడి బకాయి పడే రోజుల్లో సిపాయో గుమాస్తానో ఎంత పొదుపరి అయినా, నగరంలో వడ్డీ వ్యాపారం చేసే అరబ్బులకో రోహిల్లాలకో మార్వాడీ, కోమటి సాహుకారులకో చిక్కక తప్పేది కాదు. వచ్చే తేదీ తెలియని ఆదాయానికి లెక్కగా ఖర్చు పెట్టడం ఎవరి వల్లా కాదు.

పల్లెల్లో పరిస్థితి వేరు, మరింత కఠినం. విత్తనానికో తిండికో గింజలు తెచ్చుకొని పంట చేతికి రాగానే తెచ్చినదానికి సగం కలిపి కొలిచి ఇచ్చే ‘నాగు’ పద్ధతి తెలంగాణ గ్రామాల్లో విస్తారంగా సాగింది. అప్పు తీరేదాకా అప్పిచ్చిన భూస్వామి ఇంట పనిచేసే భగేలా పద్ధతిని అదుపు చేయడానికి హైదరాబాదు ప్రభుత్వం 1936లో ప్రత్యేక నిబంధన తేవలసి వచ్చింది. ఆర్థికవేత్త కేశవ అయ్యంగార్ 1929–30లోనూ తిరిగి 1949–51లోనూ ఈ సంస్థానపు గ్రామాలలో జరిపిన విచారణలు, భరూచా 1937లో సాగుదారుల రుణభారంపై వెలువరించిన నివేదిక ఈ చరిత్రకు ముఖ్య ఆధారాలు. దేశం మొత్తం మీద 1951–52లో జరిగిన గ్రామీణ పరపతి సర్వేలో సాగుదారులు తెచ్చుకున్న రుణంలో దాదాపు 70 శాతం వడ్డీ వ్యాపారులదనీ, సహకార సంఘాల వాటా 3 శాతానికి కాస్త పైన మాత్రమేననీ తేలింది. ఈ లెక్కలు నల్లకుంటకు సంబంధం లేనివి కావు. చదువుకొని పట్నంలో నౌకరీ సంపాదించిన కొడుకు జీతంలో ఒక భాగం ఊళ్ళో తండ్రి చేసిన అప్పుకూ చెల్లెలి పెళ్ళికీ పోవడం ఈ పేటల్లో ఎన్నో ఇళ్ళ అనుభవం; పట్నపు ఇంట్లో జరిగిన పొదుపు చాలాసార్లు పల్లె అప్పుకు జవాబు.

1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదట నగరంలోని అద్దె భవనాల్లో నడిచి, అడిక్‌మెట్ దగ్గరి విశాల ప్రాంగణంలో స్థిరపడింది. ఆర్ట్స్ కళాశాల భవనం 1939లో ప్రారంభమైంది. అంతకు చాలా ముందే, 1893లో, లాలాగూడలో నిజాం రైల్వే కార్ఖానా ఏర్పడింది. 1932లో ఆ రైల్వే సంస్థ కిందనే 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖ మొదలైంది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించి రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు మారినప్పుడు కోస్తా, రాయలసీమ ఉద్యోగుల కుటుంబాలు కూడా నగరానికి తరలివచ్చాయి. 1966లో సికింద్రాబాదు కేంద్రంగా దక్షిణమధ్య రైల్వే ఏర్పడటంతో తార్నాక చుట్టుపక్కల రైల్వే కుటుంబాలు మరింత పెరిగాయి. ఇలా కలిసిన కుటుంబాలకు యాసలు వేరు, వంటలు వేరు, కానీ ఒకటో తారీఖు అందరికీ ఒకటే.

ఒకటో తారీఖు చుట్టూ అల్లుకున్న గృహనిర్వహణలో కేంద్రస్థానం కిరాణా దుకాణపు ఉద్దెర పుస్తకానిది. ఉద్దెర అంటే తెలంగాణ వాడుకలో అరువు; సరుకు తెచ్చుకున్నప్పుడల్లా దుకాణదారు తన పుస్తకంలోనూ ఇంటివారి చిన్న పుస్తకంలోనూ పద్దు రాసి, జీతం రోజున మొత్తం వసూలు చేసుకునేవాడు. దీనికి పైకి వడ్డీ కనిపించదు. అయితే ఉద్దెర ఖాతా ఉన్న ఇల్లు ధర అడగడానికీ, వేరే దుకాణానికి పోవడానికీ వెనుకాడేది కనుక, వడ్డీ ధరలోనే కలిసి ఉండేది. అందువల్ల అప్పు తగ్గించుకోవాలని పూనుకున్న కుటుంబం చేసే మొదటి పని ఒక నెల కష్టపడి ఉద్దెరను పూర్తిగా తెంచుకొని, రొక్కంతో సరుకు కొనే స్థితికి రావడం. ఇరుగుపొరుగుల దగ్గర వడ్డీ లేకుండా నాలుగు రోజులకు తెచ్చుకునే చేబదులు ఈ సంధి కాలంలో ఎక్కువగా అక్కరకు వచ్చేది. వడ్డీ లేని రుణానికి నగరంలో మరొక సంప్రదాయం కూడా ఉంది: వడ్డీని నిషేధించిన ఇస్లాం ధర్మాన్ని అనుసరించి సభ్యుల చందాలతో నడిచిన పరస్పర సహాయ సంఘాల గురించి, 1948 దాకా ఉస్మానియాలో అంతర్జాతీయ న్యాయశాస్త్రం బోధించిన ముహమ్మద్ హమీదుల్లా 1955లో వివరంగా రాశారు.

ఉద్యోగ కుటుంబాల పొదుపు అసలు దాకా చేరడానికి తోడ్పడిన వ్యవస్థ మాత్రం సహకార పరపతి సంఘం. బ్రిటిషు ఇండియాలో 1904లో, హైదరాబాదు సంస్థానంలో 1914లో సహకార పరపతి సంఘాల చట్టాలు వచ్చాయి. ఉద్యోగుల సంఘం పనిచేసే పద్ధతి సులభమైనది: ప్రతి సభ్యుడూ నెలనెలా వాటాధనంగా కొంత సొమ్ము జమ చేస్తాడు, అవసరమైనప్పుడు తోటి ఉద్యోగుల జమానతు మీద, అంటే హామీ మీద, అప్పు తీసుకుంటాడు, వాయిదా సొమ్ము జీతం చేతికి రాకముందే కార్యాలయంలో కోత పడి సంఘానికి చేరుతుంది, మిగిలిన లాభం ఏటా సభ్యులకే డివిడెండుగా తిరిగి వస్తుంది. కర్మాగారాలకూ రైల్వేలకూ ఉద్దేశించిన 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం యజమాని ఇష్టం వచ్చినట్టు జీతం కోయకుండా అడ్డుకుంటూనే, సహకార సంఘానికి చెల్లించవలసిన సొమ్మును కోయడానికి అనుమతించింది. ప్రైవేటు అప్పులవాడికి ఇంత సౌకర్యం లేదు. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షను, కోర్టు డిక్రీ ఉన్నా సరే, జీతంలో నిర్ణీత మొత్తాన్నీ దానిపైన మిగిలినదానిలో అధిక భాగాన్నీ జప్తుకు అందకుండా కాపాడుతుంది.

తేడా ఎంతటిదో ఒక లెక్కతో స్పష్టమవుతుంది. ఒక ఇంటికి 1000 రూపాయల అప్పు ఉంది, ఇంటివారు ఖర్చు తగ్గించుకొని నెలకు 30 రూపాయలు కట్టగలరు అనుకుంటే, ‘మూడు రూపాయల వడ్డీ’కి, అంటే నెలకు నూటికి మూడు చొప్పున తెచ్చిన అప్పు ఎన్నటికీ తీరదు, 30 రూపాయలూ ఆ నెల వడ్డీకే సరిపోతాయి. ‘రెండు రూపాయల వడ్డీ’ అయితే తీరడానికి సుమారు 56 నెలలు పడుతుంది, చెల్లించే మొత్తం 1650 రూపాయలు దాటుతుంది. ఏడాదికి నూటికి 9 చొప్పున సంఘంలో తెచ్చిన అప్పయితే దాదాపు 39 నెలల్లో తీరి, మొత్తం 1150 రూపాయలకు కాస్త పైన ఆగుతుంది. మూడు సందర్భాల్లోనూ పొదుపు ఒకటే, పిల్లలకు కొనకుండా ఆపిన బట్టలూ ఒకటే. అప్పుల్లో ఉన్న కుటుంబాలకు దుబారా మానమని చెప్పే హితబోధలు ఈ లెక్కను పక్కన పెట్టి మాట్లాడటం అన్యాయం. బుద్ధిగల ఇల్లాళ్ళు ఈ లెక్కను కాగితం లేకుండానే గ్రహించారు కనుకనే సంఘంలో అప్పు తీసి బయటి అప్పు కట్టేయడం ఉద్యోగుల ఇళ్ళలో మొదటి ఉపాయంగా నిలిచింది.

చిట్టీ సంఘపు అప్పుకు తోడుగా నడిచింది. ఇరవై మంది నెలకు 100 రూపాయల చొప్పున ఇరవై నెలలు వేస్తే ప్రతి నెలా 2000 రూపాయలు పోగవుతాయి. అవసరం ఉన్నవారు పాటలో ఎక్కువ తగ్గింపుకు ఒప్పుకొని ఆ నెల చిట్టీ ఎత్తుకుంటారు. ఒకరు 400 రూపాయలు వదులుకొని 1600 తీసుకున్నారనుకుంటే, అందులో నడిపేవారి కమిషను 100 పోగా మిగిలిన 300 సభ్యులందరికీ తలా 15 రూపాయలుగా పంపకమై, ఆ నెల ఒక్కొక్కరు కట్టేది 85 రూపాయలే అవుతుంది. ముందుగా ఎత్తుకున్నవారికి ఇది అప్పు, చివరిదాకా ఆగినవారికి పొదుపు. హైదరాబాదులో 1962లో మార్గదర్శి సంస్థ మొదలైన తరువాత రిజిస్టరు చిట్టీలు మధ్యతరగతిలో వ్యాపించాయి. 1982లో కేంద్ర చిట్‌ఫండ్స్ చట్టం నిర్వాహకుల కమిషనును 5 శాతానికి పరిమితం చేసింది. కట్టుబాటు లేని ఇరుగింటి చిట్టీలు మునిగినప్పుడు ఏళ్ళ తరబడి కూడబెట్టింది ఒక్కసారిగా పోయేది. అయినా చిట్టీని ఆశ్రయించడానికి బలమైన కారణం ఉంది: చేతిలో ఉన్న రూపాయిని చుట్టాలకు లేదనడం కష్టం, చిట్టీకి కట్టాలి అంటే ఎవరూ తప్పుపట్టరు.

ఖర్చు తగ్గించడం అన్నప్పుడు ఇంట్లో ఎవరి వాటా తగ్గింది అన్న ప్రశ్న ఈ చరిత్రలో అతి ముఖ్యమైనది, అతి తక్కువగా నమోదైనది. దీనికి జవాబు వెతకడానికి పనికివచ్చే సంస్థ తార్నాకలోనే ఉండటం గమనించదగిన విషయం. 1918లో కూనూరులో మెక్‌కారిసన్ అనే వైద్యుడు బెరిబెరి వ్యాధి మీద ప్రారంభించిన పరిశోధన నుంచి ఎదిగిన పోషకాహార పరిశోధనశాల 1958లో ఇక్కడికి తరలివచ్చి, 1969 నుంచి జాతీయ పోషకాహార సంస్థగా పనిచేస్తున్నది. ఆహార పదార్థాల పోషక విలువలను పట్టికలుగా ప్రచురించడం, ఇంటింటికీ వెళ్ళి ఆ రోజు వండిన సరుకును తూచి ఎవరు ఎంత తిన్నారో లెక్కకట్టడం, 1972లో ఏర్పడిన జాతీయ పోషకాహార పర్యవేక్షణ విభాగం ద్వారా అనేక రాష్ట్రాల్లో ఈ సర్వేలను ఏళ్ళ తరబడి కొనసాగించడం ఈ సంస్థ చేసిన గొప్ప పని. దానికి అధిపతిగా ఉన్న సి. గోపాలన్ మన పిల్లల లోపం కేవలం మాంసకృత్తుల కొరత కాదనీ, అసలు తిండే చాలకపోవడమనీ, ఖరీదైన ప్రత్యేక ఆహారాల కంటే ఇంటి తిండినే కడుపునిండా పెట్టడం మార్గమనీ వాదించారు. గోధుమలు, శనగలు, వేరుశనగలు వేయించి బెల్లంతో కలిపి ఈ సంస్థ రూపొందించిన ‘హైదరాబాద్ మిక్స్’ బక్కచిక్కిన పిల్లలకు చవకగా బలం చేకూర్చే ఆహారంగా ప్రసిద్ధి పొందింది.

ఆదాయం తగ్గినప్పుడు ఇంటి తిండిలో జరిగే మార్పుకు ఒక క్రమం ఉంటుంది. బియ్యం తగ్గదు, తగ్గేవి పాలు, పప్పు, కూరగాయలు, పండ్లు, మాంసం. పప్పు పలచనై చారు అవుతుంది, కూర బదులు పచ్చడి వస్తుంది, పిల్లల పాలు టీలోకి చేరతాయి. కడుపు నిండినట్టే ఉంటుంది కనుక లోపం బయటికి కనిపించదు. అందరికీ వడ్డించి చివర తినే ఇల్లాలి కంచంలో ఈ కోత అందరికంటే ఎక్కువగా పడటం తెలుగు ఇళ్ళలో తరతరాలుగా సాగింది. అప్పు తీరిందని సంతోషించిన ఇంట్లో రక్తహీనత మిగిలిపోతే దాన్ని ఆ అప్పుకు చెల్లించిన వడ్డీలో కలిపి లెక్కించడమే న్యాయం. ఈ కారణం వల్లనే తిండికీ వైద్యానికీ సర్కారు చేసిన ఏర్పాట్లు రుణచరిత్రలో భాగమవుతాయి. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం పేద ఇళ్ళలో కొంత రొక్కాన్ని విడుదల చేసింది. కోరంటి దవాఖానగా జనం పిలుచుకునే నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి, బస్సు సంస్థ ఉద్యోగుల కోసం తార్నాకలో నెలకొన్న ఆర్టీసీ ఆసుపత్రి ఎన్నో ఇళ్ళను రోగం తెచ్చే అప్పు నుంచి కాపాడాయి.

కోత ఎక్కడ పడాలి అన్న ప్రశ్నను స్త్రీలే బహిరంగంగా లేవనెత్తిన ఘట్టం సారా వ్యతిరేక ఉద్యమం. నెల్లూరు జిల్లా దూబగుంటలో వర్ధినేని రోశమ్మ వంటి మహిళల చొరవతో 1990ల తొలి సంవత్సరాల్లో రగిలిన ఈ ఉద్యమం రాష్ట్రమంతటా వ్యాపించి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధానికీ, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధానికీ దారితీసింది. ఆ సంపూర్ణ నిషేధాన్ని 1997లో సడలించారు. సారాకు పోయే సొమ్ము నుంచి రోజుకు ఒక రూపాయి దాచే పొదుపు సంఘాలు నెల్లూరులో ఈ ఉద్యమం నుంచే పుట్టుకొచ్చి, తరువాత రాష్ట్రమంతటా విస్తరించిన స్వయంసహాయక సంఘాలకు బాట వేశాయి. కుటుంబ పొదుపు అంటే ఆడవారి కంచంలో కోత అని అప్పటిదాకా సాగిన అలవాటును తిరగదోడి, మగవారి వ్యసనం మీద కోత పెట్టాలని నిలదీసినందుకు ఈ ఉద్యమానికి మన ఆర్థిక చరిత్రలో ఇంకా దక్కవలసినంత స్థానం దక్కలేదు.

జీతపు చీటీ లేనివారికి పరపతి సంఘం తలుపులు తెరుచుకోలేదు. విశ్వవిద్యాలయం పక్కనే ఉన్న మాణికేశ్వరినగర్ వంటి బస్తీల్లో రోజుకూలీలకూ చిరువ్యాపారులకూ దొరికింది గిరిగిరి అప్పు: పదివేల అప్పు రాయించుకొని తొమ్మిదివేలు చేతిలో పెట్టి, రోజుకు 100 రూపాయల చొప్పున నూరు రోజులు వసూలు చేసే ఈ పద్ధతిలో వడ్డీ ఏడాదికి నూటికి 80కి దగ్గరగా తేలుతుంది. సూక్ష్మరుణ సంస్థలు ఈ ఖాళీని పూరించడానికే వచ్చాయి కానీ, వారం వారం వాయిదా, ఒకరు కట్టకపోతే బృందమంతా బాధ్యత వహించే నియమం, ఒకే ఇంటికి పలు సంస్థల రుణాలు కలిసి బలవంతపు వసూళ్ళకు దారితీశాయి. ఆత్మహత్యల వార్తల నడుమ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2010 అక్టోబరు 15న ఆర్డినెన్సు తెచ్చింది. దాని వెనుక వచ్చిన చట్టం వడ్డీ మొత్తం అసలును మించరాదని నిర్దేశించింది. ఇది దామ్‌దుపట్ అనే ప్రాచీన ధర్మశాస్త్ర నియమమే.  2020 డిసెంబరు నాటికి వేధింపులు మొబైల్ ఫోను యాప్‌ల రూపంలో తిరిగి వచ్చి, హైదరాబాదు పోలీసులు అరెస్టులు జరపవలసి వచ్చింది.

ఇక సమ్మెలు నల్లకుంట, తార్నాక ఉద్యోగ కుటుంబాల పొదుపు శక్తికి అసలైన పరీక్షలు. 1974 మే నెలలో రైల్వే సమ్మె దాదాపు ఇరవై రోజులు సాగింది. ధరలు ఏడాదిలో నాలుగో వంతు దాకా పెరిగిన అదే కాలంలో కేంద్రం పెరిగిన కరువు భత్యంలో సగాన్ని నిర్బంధ డిపాజిట్‌గా నిలిపివేసింది. 2011లో ప్రత్యేక తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మె 42 రోజులు సాగింది. 2019 అక్టోబరు 5న మొదలైన తెలంగాణ ఆర్టీసీ కార్మికుల సమ్మె 52 రోజులు కొనసాగగా, ఇంటి ఖర్చును తగ్గించగలిగినంతా తగ్గించిన కుటుంబాలకు ఆదుకోవలసింది వారి సొంత పరపతి సహకార సంఘమే. అయితే కార్మికుల జీతాల నుంచి సంఘం పేరిట కోసిన సొమ్మును సంస్థ పూర్తిగా జమ చేయకుండా వాడుకోవడంతో బకాయిలు పేరుకుపోయి, సంఘం హైకోర్టును ఆశ్రయించింది. దశాబ్దాలుగా తమ జీతంలో నుంచి తామే కూడబెట్టుకున్న నిధి నుంచి కూతురి పెళ్ళికో కొడుకు చదువుకో అప్పు కోరిన సభ్యులు దరఖాస్తు పెట్టుకొని నెలల తరబడి ఎదురుచూశారు. ఎదురుచూడలేనివారు మళ్ళీ రెండు రూపాయల, మూడు రూపాయల వడ్డీకి బయట నోటు రాశారు.